నీడలో అలసంద ఎందుకు గది ఇవ్వదు

ఒకప్పుడు అలసంద మొక్కకి ఎండయినా నీడయినా ఒకటే. వేరు దగ్గరికి ఎవరొచ్చినా కాదనేది కాదు, లోపలికి రమ్మని గది ఇచ్చేది.

వచ్చేది ఎవరనుకున్నారు? మట్టిలో ఉండే చిట్టిజీవులు. మనం బాక్టీరియా అంటామే, వాళ్ళే. కంటికి ఆనరు గానీ పనిలో దిట్టలు. గాలిని పట్టి అలసందకు ఎరువు వండిపెట్టేవాళ్ళు. అలసందేమో ఆకుల్లో ఎండతో తీపి పాకం కాచి, వేళ్ళదాకా పంపి వాళ్ళ కడుపు నింపేది. వాళ్ళుండే గదులే వేరు మీద కనిపించే బుడిపెలు. ఎన్ని బుడిపెలుంటే ఆ మొక్కకి అంత పరువు. మన అలసందకు ఆ పరువు పిచ్చి కాస్త ఎక్కువే.

ఒక ఏడు వానలు బాగా పడ్డాయి. పక్క సాళ్ళలో జొన్న ఏపుగా పెరిగి, అలసంద నెత్తిన గొడుగు పట్టినట్టు నిలబడింది. అలసంద పట్టించుకోలేదు. వెలుతురు ఉందిగా, చాల్లే అనుకుంది. ఎప్పటిలాగే వచ్చినవాళ్ళందరికీ గదులిచ్చేసింది.

కొన్నాళ్ళకే పాకం పలచబడింది. ఆ తర్వాత అడుగంటింది. వేళ్ళలో పిల్లాజెల్లా ఆకలితో నకనకలాడారు. ఖాళీ కడుపుతో గాలిని పట్టడం ఎవరి తరం? ఎరువు ఆగింది. ఎరువు లేక ఆకులు పసుపుపచ్చగా మారాయి. అలసందకు భయం వేసింది. ఇలాగే ఉంటే తనూ పోతుంది, తనని నమ్మి వచ్చినవాళ్ళూ పోతారు.

ఆకు మీద వాలిన వెలుగునే నిలదీసింది. ఇంత వెలుతురు ఉండగా పాకం ఎందుకు కావడం లేదని అడిగింది.

"నేను జొన్నాకులు తినగా మిగిలినదాన్ని," అంది ముదురెరుపు వెలుగు. "పాకానికి పనికొచ్చే ఎర్ర వెలుగునంతా అవి పైనే తినేశాయి. నాతో నీ పొయ్యి రాజుకోదు. నేను ఎక్కువగా కనిపించానంటే నీ నెత్తిన నీడ ఉందని తెలుసుకో."

అలసందకు తల కొట్టేసినట్టయింది. సరిగ్గా అప్పుడే గంగులమ్మ అనే ముసలి చిట్టిజీవి తన మందతో వేరు గుమ్మంలోకి వచ్చింది. ఏటా వచ్చే చుట్టమే. ఆమెకు లేదని చెప్పాలంటే అలసందకు ప్రాణం పోయినంత పనైంది. అయినా చెప్పింది.

"పెద్దమ్మా, ఈసారి గది ఇవ్వలేను. ఇస్తే మిమ్మల్ని పస్తు పెట్టినదాన్నవుతాను."

గంగులమ్మ కోపం తెచ్చుకోలేదు. "ముందే చెప్పి మంచిపని చేశావు తల్లీ. మట్టిలో తల దాచుకుంటాంలే. ఎండ దొరికాక కబురు పెట్టు," అని మందను వెనక్కి మళ్ళించింది.

ఉన్న కాస్త పాకంలో లోపలున్నవాళ్ళకి తలా గుక్కెడు పోసి, మిగిలింది అలసంద తన తీగకు పెట్టింది. తీగ సాగి సాగి సాళ్ళ సందులోంచి బయటికి తల పెట్టింది. ఎర్ర వెలుగు ఆకు నిండా పడింది. ఆకు ఆ సంగతి వేరుకు చెప్పింది, వేరు గంగులమ్మను పిలిచింది. మళ్ళీ అందరి కడుపులూ నిండాయి, ఆకులు ఆకుపచ్చగా కళకళలాడాయి.

అప్పటినుంచే అలసంద ముందు ఆకుతో వెలుగు రంగు చూసుకుని, ఆ తర్వాతే వేరులో గది ఇస్తుంది. నీడలో పెరిగినదాన్ని పీకి చూడండి, బుడిపెలు తక్కువ. ఎండలో పెరిగినదానికి గుత్తులు గుత్తులు. పుట్టి బుద్ధెరిగాక ఎండ మొహం చూడని ఆ చిట్టిజీవులు, ఈ రోజుకీ ఎండ రంగును బట్టే బతుకుతున్నారు.