మాళమ్మ రెప్పవెంట్రుకలు

ఏ చికిత్స మేలని అడిగితే సుదర్శనాచార్యులవారు జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు తొడుక్కునేవారు. ఆ కంటి ఆసుపత్రిలో ఆయన దగ్గర పని నేర్చుకునేవాళ్లందరికీ తెలుసు: గురువుగారు చెప్పులు తొడిగారంటే ఎవరో ఒక రోగి ఇంటికి వెంట నడవాల్సిందే.

ఆరోజు అడిగింది మృణాళిని. "చిన్నప్పుడు మళ్లీ మళ్లీ వచ్చిన కళ్లకలక వల్ల రెప్ప లోపల మచ్చకట్టి, రెండు మూడు వెంట్రుకలు మాత్రమే కంట్లోకి తిరిగాయనుకోండి. పీకుతూ ఉంటే సరిపోతుందా, ఆపరేషన్ చేసి రెప్పను బయటికి తిప్పాలా? పీకితే మళ్లీ మొలుస్తాయి. కోసినా కొందరికి మళ్లీ లోపలికే తిరుగుతున్నాయి. రేపు అలాంటావిడ ఒకరు వస్తున్నారు గురువుగారూ, ఏం చెప్పమంటారు?"

"పద, బీరప్ప ఇల్లు చూద్దువుగాని" అన్నారు ఆచార్యులు.

దారి పొడుగునా ఆయన ఉత్సాహంగా చెప్పుకొచ్చారు. బీరప్ప కంబళ్లు నేసే మనిషి. అతని భార్య మాళమ్మ కత్తి అనగానే వణికిపోయి ఆపరేషన్ వద్దంది. అప్పుడాయన బీరప్ప చేతికి సన్నమొన శ్రావణం ఒకటిచ్చి, ముల్లు తీసినట్టు వెంట్రుకను మొదలంటా ఎలా లాగాలో నేర్పారు. ఉన్నిలోంచి గడ్డిపరకలు ఏరిన వేళ్లవి, ఇట్టే పట్టుబడింది. ఆమె కన్ను ఏళ్ల తరబడి అద్దంలా ఉంది. తర్వాత వాళ్లు రావడం మానేశారు. బాగున్నారు గనకే రాలేదని ఆచార్యుల నమ్మకం.

వీళ్లు వెళ్లేసరికి మాళమ్మ గడప దగ్గర వెల్లకిలా పడుకుని ఉంది. తల భర్త తొడమీద. ముసలాయన ఆమె ముఖం మీద ఎండపడేట్టు కూర్చుని శ్రావణంతో రెప్ప తడుముతున్నాడు.

"వచ్చిందా?" అన్నాడు.

"వచ్చేసిందిలే. సల్లగుంది" అంది మాళమ్మ.

శ్రావణం మొనలో ఏమీ లేదు. మృణాళిని గబగబా పక్కన కూర్చుని టార్చి వేసి రెప్ప ఎత్తి చూసింది. వెంట్రుకలు ఊడిరాలేదు. మధ్యకు తెగి గరుకు మోళ్లై, రెప్ప వేసినప్పుడల్లా నల్లగుడ్డును గీస్తున్నాయి. నల్లగుడ్డు మీగడ కట్టినట్టు తెల్లబడింది. రెండో కన్నూ అదే దారిలో ఉంది.

"ఇవి పీకినవి కావు, తెగినవి!" అనేసింది.

మాళమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పటికే మాట నోరు దాటిపోయింది.

బీరప్ప తలెత్తాడు. అతని రెండు పాపల్లోనూ శుక్లం ముదిరి ఉంది. "తెగినవా? మే మాళీ, సల్లగుంది అంటివి కదే. ఎప్పుడడిగినా అట్లే అంటివి కదే."

"నీకు కండ్లు ఆనలేదని పిల్లోళ్లు మగ్గం ఎత్తేసిరి. ఆ పొద్దు నుంచి నీకు కూడు సయించల్యా. ఈ పనొక్కటే మిగిలింది నీకు. ఇది కూడా చేతకాదని నేనెట్ల చెప్పేది?"

బీరప్ప శ్రావణం కింద పెట్టాడు. ఆమె నుదురు వెతికి పట్టుకుని, "నేనే పొడిచినానే నీ కండ్లు" అన్నాడు. మాళమ్మ లేవలేదు. తల అక్కడే ఉంచి, ముఖం గోడవైపు తిప్పుకుంది.

తిరుగుదారిలో మృణాళినికి నాలుక కోసుకోవాలనిపించింది. చివరికి, "ఇప్పుడు ఆపరేషన్ చేస్తే?" అంది.

"గీసుకుపోవడం ఆగుతుంది. పోయిన చూపు రాదు."

"పోనీ, బీరప్పకు శుక్లం తీయొచ్చు కదా?"

"తీస్తాను. చక్కగా కనబడుతుంది." ఆయన నడక ఆపారు. "ఆమె కన్ను ఏమైందో కూడా."

ఆసుపత్రి గుమ్మం చేరాక ఆమె మళ్లీ అడగలేక అడిగింది. "రేపు వచ్చే ఆవిడకు ఏం చెప్పను?"

"ఆవిడ కన్ను తర్వాత చూద్దువుగాని. వెంట వచ్చినవాళ్ల కళ్లు ముందు చూడు" అన్నారు ఆచార్యులు.