సముద్రానికి పెట్టని బొట్టు

ఒకప్పుడు సముద్రానికి కెరటాలు లేవు. పొద్దున్నే నెమ్మదిగా పాక్కుంటూ మొగలిపేటలోకి వచ్చేది. ప్రతి గుమ్మంలో నాలుగు చేపలు పోసేది. పసిపిల్లల ఉయ్యాల ఊపేది. పొద్దు వాలితే తన చోటికి తను పోయేది. ఆ ఊరి జాలర్లకి సముద్రం అంటే ఇంటి ఆడపడుచే.

అలాంటి ఆడపడుచుని ఎవరైనా మరిచిపోతారా? వీళ్లు మరిచారు! చెబుతుంటేనే నాకు ఒళ్లు మండుతోంది, వినండి.

నూకాలమ్మ పండగ వచ్చింది. ఊరి పెద్దామె కాసులమ్మ కుంకుమ భరిణె పట్టుకుని పిలుపులకి బయల్దేరింది. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకి బొట్టు పెట్టి పండగకి రమ్మంది. ఉప్పు అమ్మడానికి వచ్చిన పై ఊరి ఆడమనిషిని కూడా వదల్లేదు.

"అత్తా, మరి సంద్రానికో?" అంది కోడలు ఎర్రమ్మ.

"ఎదురుగానే ఉంది గదే! ఇంట్లో మనిసికి బొట్టేటి? డప్పు ఇంటే అదే వస్తాది," అంది కాసులమ్మ.

ఆ మాట పీత విన్నది. పీత నోట్లో నువ్వుగింజ నానుతుందా? గబగబా పోయి సముద్రం చెవిన వేసింది.

సముద్రం భగ్గుమంది. "నాకు బొట్టు నేదా? పిలవని పేరంటానికి నానెల్తానా? సిగ్గు నేనిదాన్ననుకున్నారేటి?"

విసురుగా లేచి, చేపలన్నిటినీ కొంగున కట్టుకుని, కంటికి ఆననంత దూరం పోయింది.

పేటలో డప్పులు మోగాయి. చేపల కూర లేనిది ఏం పండగ? పిల్లలు కంచాల ముందు కూర్చుని ఏడ్చారు. తెప్పలు ఇసకలో ఎండిపోయాయి. మూడో రోజుకి ఏ పొయ్యీ వెలగలేదు.

"దీనికింత పొగరా!" అని కాసులమ్మ కూడా మండిపడింది. కానీ మనవరాలు ఆకలికి గుక్కపట్టి ఏడుస్తుంటే పంతం ఎంతసేపు నిలుస్తుంది? భరిణె పట్టుకుని, కాళ్లు కాలే ఇసకలో నడిచి నడిచి సముద్రం దగ్గరికి చేరింది.

"తప్పయిపోనాదమ్మా. దగ్గరదానివని మరిసిపోనాం."

"దగ్గరుంటే మరిసిపోతారా?" అని సముద్రం అరిచింది. "పై ఊరిదానికి బొట్టెట్టినావు. మీ బిడ్డల్ని ఊపి నిద్దరపుచ్చినదాన్ని, నాకెట్టనేకపోనావా?"

కాసులమ్మ తల వంచింది. తడి ఇసక మీద బొట్టు పెట్టింది. "మా ఇంటికి రా తల్లీ," అంది.

సముద్రం నిలువెత్తున లేచి, కాసులమ్మని కూడా మోసుకుంటూ పేట మీదికి ఉరికింది. ఆమెని ఒడ్డున దింపి, కొంగు విప్పి చేపలన్నీ అక్కడే విసిరికొట్టింది.

"పిల్లలు తినాలని తెచ్చినాను. మీ గుమ్మం మాత్రం తొక్కను!" అని వెనక్కి తిరిగింది.

నాలుగడుగులు వేసిందో లేదో, పసిపిల్ల ఏడుపు వినబడింది. మనసాగక మళ్లీ వచ్చింది. ఒడ్డున కాసులమ్మ ముఖం చూడగానే మళ్లీ ఒళ్లు మండింది. మళ్లీ వెనక్కి పోయింది.

అప్పటినుంచే సముద్రానికి కెరటాలు వచ్చాయి. ఎంతో విసురుగా ఒడ్డుదాకా వస్తుంది, లోపలికి రాకుండానే గొణుక్కుంటూ తిరిగిపోతుంది, పోయినట్టే పోయి మళ్లీ వస్తుంది.