చెంబు నీళ్ళు, కాగు నీళ్ళు

అనగా అనగా, కొండల నడుమ చలికి వణికే ఒక ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దామె వరహాలమ్మ, చిన్నామె పైడితల్లి. వాళ్ళ ఆడపడుచు నూకాలు పురిటికొచ్చి, నెల ముందే ఆడపిల్లని కంది. ఎంత పిల్లనుకున్నావు? దోసిట్లో పట్టేసేంత! చలి తగలకూడదు. అందుకని కోడళ్ళిద్దరినీ పిల్ల స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టమంది అత్త.

వరహాలమ్మ చెంబుడు నీళ్ళు పెట్టింది. చిటికెలో కాగాయి. పైడితల్లి పెద్ద కాగు నిండా పెట్టింది. బోలెడు నీళ్ళు కదా, బోలెడు వేడి తాగుతాయి. ఎంతకీ కాగలేదు.

"నీకు నీళ్ళు కాచడం కూడా రాదే!" అని నవ్వింది వరహాలమ్మ.

అప్పుడు పైడితల్లి ఏం చేసిందీ, మర్నాడు పొద్దున్నే కాగుని ఎండలో పెట్టింది. వెచ్చబడ్డాక పొయ్యెక్కించింది. సాయంత్రానికి చెంబూ కాగూ రెండూ కాగి ఉన్నాయి. వరహాలమ్మ రెండింట్లోనూ వేలు ముంచి చూసింది. ఒకటే వేడి. అంతా మంట మీదే కాగినా, సగం ఎండకి సగం మంటకి కాగినా, ఏ దారిన వేడెక్కాయో నీళ్ళకి గుర్తుండదు తల్లీ. ఆ సంగతి ఆమె వేలికి తెలిసింది.

అయినా సరే, అత్త వినేలా "ఎండనీళ్ళు పసిపిల్లకి పడవు" అనేసి, కాగు మొత్తం పెరట్లో ఒంపేసింది.

ఆ తర్వాత వాన ముంచుకొచ్చింది. పెరట్లో పొయ్యి తడిసి ఆరిపోయింది. పిల్లకి సగం స్నానం అయ్యేసరికి చెంబులో నీళ్ళు చల్లబడిపోయాయి. గబుక్కున కాగినట్టే గబుక్కున చల్లారాయి. పిల్ల పెదాలు నీలమెక్కాయి. ఏడుపు ఆగిపోయింది.

"అయ్యో, ఆ కాగు నీళ్ళైనా లేకపోయె!" అంది అత్త.

వరహాలమ్మకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. "రెండూ ఒకటే వేడి అత్తా. తెలిసే ఒంపేశాను" అంది.

అప్పుడు పైడితల్లి పిల్లని తుడిచి, గుండెకి హత్తుకుని, కొంగుతో చుట్టేసింది. కాసేపటికి పిల్ల క్యార్ మంది!

నూకాలు ఏడుస్తూ నవ్వింది. వరహాలమ్మ మటుకు గోడవైపు తిరిగి కూర్చుంది. పైడితల్లి పిల్లని తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది.

"కాసేపు పట్టుకో అక్కా. నాకు చేతులు తిమ్మిరెక్కాయి."

వరహాలమ్మ పిల్లని పొదువుకుంది. కానీ పైడితల్లి మొహం కేసి చూడలేకపోయింది. చాలా రోజులు చూడలేకపోయింది.

కథేమో కంచి దారి పట్టింది,
నా చిట్టితల్లికి నిద్దర పట్టింది.