గుర్రానికి దూదిపరుపు

ఒకానొక కోటలో రాజుగారి గుర్రానికి మస్తాను ఊక పరిచేవాడు. వడ్లు దంచేచోట అది ఊరికే దొరికేది. గుర్రం తెల్లారేసరికి పడకంతా లద్దె చేసినా, ఎత్తిపోసి కొత్తది చల్లేవాడు.

కొత్త అశ్వాధికారి గజపతిరాయుడు ముక్కు చిట్లించాడు. "రాజుగారి గుర్రం ఊకలో పొర్లడమా? దూదిపరుపు వెయ్యి. అంతకు తక్కువదాని మీద పడుకుందో, నీ కొలువు ఊడుతుంది."

"ఒక్క రాత్రిలో ఉచ్చపోసి నానబెట్టేస్తుంది దొరా."

"నానితే ఆరబెట్టు."

మర్నాడు పరుపు గోడమీద ఆరుతోంది. సాయంత్రం మస్తాను రాయుడి పరుపే నెత్తిన పెట్టుకుని తాపీగా శాలకు వచ్చాడు.

"ఒరేయ్, అది నాది."

"తెలుసు దొరా. గుర్రం పరుపు ఆరడానికి మూడు రోజులు పడుతుంది. కోటలో ఇంకో దూదిపరుపు రాజుగారిదే. ఆయన్ని అడగమంటారా?"

రాయుడు పరుపు అంచు గుంజాడు. మస్తాను వదల్లేదు. శాలలో పనివాళ్లంతా చుట్టూ చేరారు.

"సరే, ఆ ఊకనే పొయ్యరా."

"పోస్తాను. నా కొలువు ఊడదని ఇక్కడ అందరూ వినేలా చెప్పండి, అప్పుడు వదులుతాను."