చివరింటి వెనక ఊట

తిప్పేస్వామికి గురువు దొరికాడు కానీ ఉపదేశం దొరకలేదు. అదే అతని బాధ.

గురువు పేరు హుస్సేనప్ప తాత. భుజం మీద పచ్చ తుండు, చేతిలో జపమాల, బతుకుతెరువుకు సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే ట్యాంకరు. హగరి ఏటి పక్కన ఇసుక దిబ్బల్లో గాలిమరలు లేచాక, వాటి చుట్టూ ఒక కాలనీ కూడా లేచింది. నిన్న దిబ్బ ఉన్నచోట ఇవాళ ఇల్లు ఉంటుంది. ఇల్లన్నాక గుంత ఉంటుంది, గుంతన్నాక నిండుతుంది. తాతకు పని తప్పదు.

అక్కడి గాలి ఊరుకోదు. కొంచెం కొంచెంగా ఇసుకను మోసుకొచ్చి గుంతల మూతల మీద కప్పేస్తుంది. కొన్నాళ్లు పోతే ఇంటివాళ్లకే తమ గుంత ఎక్కడుందో గుర్తుండదు. ఇసుకలోకి ఇనుప చువ్వ గుచ్చి దాన్ని వెతకడం తిప్పేస్వామి పని. చువ్వ తగిలి మూత ఠంగుమంటే తాత మొహం వెలిగిపోయేది. అంతే తప్ప ఆయన నోట బ్రహ్మరహస్యం ఒక్కటీ రాలేదు.

"తాతా, ఏదన్నా మంత్రం చెప్పు," అని అడిగితే, "పైపు పట్టుకో సామీ," అనేవాడు.

విసిగిపోయి తిప్పేస్వామి తన దారి తాను చూసుకున్నాడు. కాలనీలో చివరింటి వెనక, ఎవరూ తిరగని దిబ్బ వాలులో, తెల్లవారేసరికి కూర్చుని జపం మొదలుపెట్టాడు. ఆ వేళప్పుడు అక్కడ అంతా కలలో ఉన్నట్టే ఉంటుంది. పొగమంచులో గాలిమరల కాళ్లు కనిపించవు. రెక్కలు మాత్రం ఆకాశంలో నెమ్మదిగా ఈదుతుంటాయి. ఇసుక సన్నగా గుసగుసలాడుతూ జారుతుంది. కూర్చున్నవాడు మేలుకున్నాడో నిద్రలో ఉన్నాడో వాడికే తెలియదు.

అలా ఒక పొద్దున కళ్లు తెరిస్తే ఎదురుగా గరిక. కనుచూపు మేర ఎండిన ఇసుక, మధ్యలో చాపంత పచ్చదనం. తాకితే తడి. తిప్పేస్వామికి ఏడుపొచ్చింది. వాన మొహం చాటేసిన నేల మీద పుట్టి పెరిగినవాడికి తడి అంటే ఏమిటో వేరే చెప్పాలా?

"ఊట!" అన్నాడు పైకే. "నా జపానికి ఊట పుట్టింది!"

చుట్టూ రాళ్లు పేర్చాడు. చెప్పులతో రాకూడదన్నాడు, ఇనుము అసలే ఆనకూడదన్నాడు. చివరింట్లో అద్దెకుండే హొన్నూరమ్మ, నిండుచూలాలైన కూతురికి కాన్పు సుఖంగా కావాలని అక్కడ దండం పెట్టుకుంది. సుఖంగానే అయింది. ఇక తిప్పేస్వామి నడకే మారిపోయింది.

ఆ కూతురికీ బిడ్డకూ పురిటి నీళ్లు పోసే రోజు వచ్చింది. పొయ్యి మీద బాన నిండా నీళ్లు కాగుతున్నాయి. కానీ స్నానాల గదిలో చెంబెడు పోస్తే చాలు, పోసిన నీళ్లు మురికిని వెంటబెట్టుకుని పైకి తన్నుకొస్తున్నాయి. గుంత నిండిపోయింది. హొన్నూరమ్మ తాతకు ఫోను చేసింది.

ట్యాంకరు వచ్చి నిలబడింది. తిప్పేస్వామి చువ్వ పట్టుకుని వాకిట్లో గుచ్చాడు, సందులో గుచ్చాడు, గోడ పొడుగునా గుచ్చాడు. ఎక్కడా ఠంగుమనలేదు.

"కట్టినోడు ఊరిడిసి పాయ. గుంత యాడ పెట్టినాడో మాకేం తెలుసు సామీ," అంది హొన్నూరమ్మ. "కాగిన నీళ్లు సల్లారిపోతాండాయి. పసిబిడ్డను ఆ మురికిలో ఎట్ల పడుకోబెట్టి పోసేది? నా కూతురు ఒకటే ఏడుస్తా ఉండాది."

"ఈ ఇంటికి గుంతే లేదేమో తాతా," అన్నాడు తిప్పేస్వామి.

తాత నవ్వలేదు. "అంతా గుచ్చినావా?"

"అంతా గుచ్చినా."

"ఎనకాల?"

తిప్పేస్వామి తడబడ్డాడు. "ఎనకాల ఊట ఉండాది తాతా. నా జపానికి పుట్టింది. నీకు సూపించాలనే అనుకుంటా ఉన్నా. ఆడ ఇనుము ఆనకూడదు."

"సూద్దాం పా."

రాళ్ల దగ్గర తాత చెప్పులు విడిచాడు. మోకాళ్ల మీద కూర్చుని, గరిక కొసలకు అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"ఊటేనా తాతా?" అన్నాడు తిప్పేస్వామి.

"ఊటే," అన్నాడు తాత. లేచి, శిష్యుడు రాళ్ల బయట వదిలిన చువ్వ తీసి అతని చేతిలో పెట్టాడు.

ఇంట్లో బిడ్డ ఏడుస్తోంది. తిప్పేస్వామి చువ్వను చూశాడు, గరికను చూశాడు. దేవుడు తనకంటూ ఇచ్చింది బతుకంతా కలిపి ఇదొక్కటే. గుచ్చకపోతే ఇది ఎప్పటికీ ఊటగానే ఉంటుంది. బిడ్డ ఏడుపు ఆగలేదు. అతను రాళ్లు దాటి, కళ్లు గట్టిగా మూసుకుని గుచ్చాడు.

ఠంగ్.

ఆ చప్పుడు అతనికి కొత్త కాదు. నిండిన గుంత తడికే గరిక మొలుస్తుందని, పచ్చగా ఉన్నచోట ముందు గుచ్చాలని ఈ పనిలోకి నిన్న వచ్చినవాడికైనా తెలుసు. తన పచ్చదనం దగ్గరికొచ్చేసరికి మాత్రం అది తట్టలేదు. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

గరికను తన చేత్తోనే పెళ్లగించాడు. ఇసుక తోడి మూత జరిపితే వాసన గుప్పుమంది. తాత పైపు దింపాడు. గుంతలోకి మనిషిని దించడం ఆయన దగ్గర లేదు. ట్యాంకరు చాలాసేపు గురగురలాడింది. గుంత ఖాళీ అయ్యాక మూత మళ్లీ దాని చోట పడింది.

తిప్పేస్వామి తల వంచుకుని రాళ్లు ఏరబోయాడు. తాత వద్దన్నాడు. భుజం మీది పచ్చ తుండు తీసి మూత మీద పరిచాడు.

"కూసో."

"ఈడనా తాతా?"

"రోజూ కూసునేది ఈడే గదా."

తిప్పేస్వామి కూర్చున్నాడు. ఎండ ఇంకా ముదరలేదు. గాలిమరల రెక్కలు అలాగే ఈదుతున్నాయి. ఇసుక అలాగే జారుతోంది. ఇంట్లోంచి హొన్నూరమ్మ గొంతు వినిపించింది, "పొయ్యండమ్మా, ఇంక బాగా పొయ్యండి!" అని. బిడ్డ ఒక్కసారి కేరుమని, వెచ్చటి నీళ్లు తగిలాయేమో, ఊరుకుంది.

కాసేపటికి, అతని కిందుగా, ఎక్కడో చీకట్లో, నీళ్లు పడుతున్న చప్పుడు. మొదట బొట్లు బొట్లుగా. తర్వాత ధారగా.

తిప్పేస్వామి ఒళ్లు జలదరించింది. తల ఎత్తి తాతను చూశాడు.

"మంత్రం అడిగినావు గదా సామీ," అన్నాడు హుస్సేనప్ప తాత, పైపు చుట్టుకుంటూ. "ఇను."