వైవాలో కూసిన బ్లోయరు

ఎవరేం అడిగినా ఆచార్య వేదాద్రిగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. మెకానికల్ ఇంజనీరింగ్ విభాగంలో ఆయన దగ్గర పరిశోధన చేసేవాళ్ళందరికీ ఇది తెలుసు. అయినా సుధీంద్ర అనే శిష్యుడు ఒకనాడు ఆయన గదికి వచ్చి, కోర్సులు పూర్తయ్యాయనీ, అర్హత పరీక్ష గట్టెక్కాననీ, రెండు పత్రాలు అచ్చయ్యాయనీ, థీసిస్ కూడా చాలావరకు రాశాననీ చెప్పుకొచ్చాడు.

"డాక్టరేట్ రావడానికి నాలో ఇంకా ఏం తక్కువైంది సార్?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, మర్నాడు ఎస్తేరు వైవా ఉంది, వచ్చి కూర్చోమని మాత్రం అన్నారు.

ఎస్తేరు సుధీంద్రకు సీనియరు. ఆసుపత్రి వార్డుల్లోకి గాలి పంపే బ్లోయర్ల రొద రోగుల్ని నిద్రపోనివ్వదని, చప్పుడు చెయ్యని రెక్కల కోసం ఏళ్ళ తరబడి పనిచేసింది. ఉద్యోగానికి సెలవు పెట్టి, ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ చేసిన పని అది. సెలవు ఆ నెలతో సరి. ఈ వైవా తప్పితే మళ్ళీ వచ్చే వీలు లేదని విభాగమంతా ఎరుగును.

బయటి విశ్వవిద్యాలయం నుంచి పరీక్షకులుగా అనంతశయనంగారు వచ్చారు. నవ్వని మనిషని పేరు. ఎస్తేరు చెప్పవలసిందంతా చెప్పి, చివర్న బల్ల మీది బ్లోయరు స్విచ్ వేసింది. అది మెల్లగా తిరగడం మొదలుపెట్టి, వేగం అందుకోగానే హాలు అదిరేలా కూత పెట్టింది.

సుధీంద్ర చూపు చప్పున అనంతశయనంగారి మొహం మీదికి పోయింది. ఇదేనా మీ నిశ్శబ్దం అని అడిగారు అనంతశయనంగారు. ఎస్తేరు ముఖం పాలిపోయింది. అయినా తల ఒక పక్కకి వంచి ఆ కూతనే వినసాగింది. జవాబు చెప్పాలన్న సంగతి మరిచినట్టుగా యంత్రం దగ్గరకు వెళ్ళి వేగం తగ్గించింది. కూత నెమ్మదిగా దిగలేదు. ఉన్నట్టుండి ఒక మెట్టు దిగి అక్కడే నిలబడింది. ఇంకా తగ్గిస్తే మరో మెట్టు దిగింది.

"ఇది రెక్కల గొంతు కాదండీ. రెక్కలదైతే వేగంతోపాటు జారిపోవాలి, ఇలా మెట్లు దిగదు. ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలి, ఆ గొట్టం చివర కాస్త పట్టుకుంటారా?"

అడిగింది పరీక్షకుణ్ణే. ఆ మాట ఆమెకు తట్టినట్టు లేదు. అనంతశయనంగారు కోటు విప్పి కుర్చీకి తగిలించి, నేలమీద చతికిలబడి, బ్లోయరు నుంచి వేలాడుతున్న గొట్టం కొస పట్టుకున్నారు. అది ముడతలు ముడతలుగా ఉంది. ఎప్పుడూ వాడే నున్నటి గొట్టం చిరిగితే ప్రయోగశాలవాళ్ళు ఆ ఉదయమే మార్చారట. ఎస్తేరు దాన్ని ఊడదీసింది. కూత ఆగిపోయింది. రెక్కల వైపు చూస్తే తప్ప తిరుగుతోందని తెలియనంత మెత్తగా తిరుగుతోంది బ్లోయరు.

అక్కడితో ఆగవచ్చు. కానీ ఆమె గొట్టాన్ని మళ్ళీ బిగించింది. గాలి ముడతల మీదుగా పోతే ఎందుకు పాడుతుంది, పొడుగు తగ్గిస్తే ఏమవుతుంది అని తనలో తనే అనుకుంటూ ఆమె కూడా కింద కూర్చుంది. గొట్టం మధ్యలో జారిపోతుంటే సుధీంద్ర వెళ్ళి నేలమీద కూర్చుని పట్టుకున్నాడు. వేగం మార్చినప్పుడల్లా ఒక కొత్త స్వరం. ఇంకొకటి దొరుకుతుందేమో చూడమ్మా అని అనంతశయనంగారు బతిమాలుతుంటే హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు.

భోజనాల వేళ దాటిపోయింది. రాసుకొచ్చిన ప్రశ్నలు కాగితం మీదే ఉండిపోయాయి. అనంతశయనంగారు మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, పక్క గదిలో వేదాద్రిగారితో రెండు మాటలు మాట్లాడి వచ్చి, ఆమెను డాక్టర్ ఎస్తేరు అని పిలిచారు. ఆమె కళ్ళు తుడుచుకుని, ఈ గొట్టం ఇంటికి తీసుకుపోవచ్చా అని అడిగింది.

క్యాంటీనుకు నడుస్తూ సుధీంద్ర నిన్నటి ప్రశ్న గుర్తుచేశాడు.

"కూత మొదలవగానే నువ్వు పరీక్షకుడి మొహం చూశావు, ఆవిడ యంత్రాన్ని చూసింది," అన్నారు వేదాద్రిగారు. శిష్యుడి నడక నెమ్మదించడం చూసి భుజం మీద చెయ్యి వేశారు. "తరవాత నువ్వూ వచ్చి నేలమీద కూర్చున్నావుగా. అంత దూరమేం లేదులే."