రాయిని పట్టిన మొక్క

చీరాల బజారులో సుభాషిణి అనే దర్జీ ఉండేది. ఆమె చేతికి ఎంత వేగమో మనసుకు అంత తొందర. పొద్దున ఇచ్చిన జాకెట్టును సాయంత్రానికల్లా హుక్కులతో సహా చేతిలో పెట్టేది. అందుకు ఊరంతా మెచ్చుకునేది. కానీ అన్నం ఉడుకుతుంటే నాలుగుసార్లు మూత తీసేది. బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే తర్వాతి స్టాపుకు నడిచి పోయేది. బస్సేమో దారిలో ఆమెను దాటుకుని వెళ్లిపోయేది.

ఆమెకు మల్లిక అని ఎనిమిదేళ్ల కూతురు. తండ్రి లారీ నడుపుతూ నెలలో సగం రోజులు ఊళ్లో ఉండడు గనక పిల్ల చదువు తల్లే చూసుకునేది. మల్లికకు చదువు నిదానంగా వచ్చేది. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, కూడబలుక్కుని చదివేది. అది చూస్తే సుభాషిణికి కాలూ చెయ్యీ ఆడేది కాదు. ఏడాదిలో మూడు ట్యూషన్లు మార్చింది. కొత్త టీచరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ పాఠం మళ్లీ గుణింతాల దగ్గరే మొదలయ్యేది. పిల్ల వత్తుల దాకా వచ్చేలోపు తల్లి ఇంకో ట్యూషను వెతికేది. చివరికి కామాక్షి టీచరు దగ్గర చేర్చి, దసరాకల్లా చదవడం రాకపోతే గుంటూరు హాస్టల్లో వేస్తానని గట్టిగా చెప్పింది. ఆ పూట మల్లిక అన్నం తినలేదు.

ఆ రోజుల్లోనే బదిలీ మీద వెళ్తున్న ఒక బ్యాంకు ఉద్యోగిని తన చేపల తొట్టిని సుభాషిణి కొట్టుకు ఇచ్చేసింది. అందులో రెండు గోల్డ్ ఫిష్‌లు ఉన్నాయి గానీ ఒక్క మొక్క లేదు. సుభాషిణి ఏ మొక్క తెచ్చి వేసినా అవి రెండు రోజుల్లో నమిలేసేవి. అప్పుడు చేపల కొట్టు మస్తాన్‌వలి ఆమెకు అనూబియాస్ అనే మొక్క ఇచ్చాడు. అల్లం కొమ్ములాంటి కాడ, దళసరి ఆకులు. చేపలు నోరు పెట్టవు, ఎండ అక్కర్లేదు.

"ఇసకలో పాతావంటే కాడ కుళ్లిపోద్ది చెల్లెమ్మా. నూలు దారంతో రాయికి కట్టు. కచ్చా కుట్టు అనుకో. వేళ్లు రాయిని పట్టుకున్నాక ఆ దారం దానంతటదే చివికిపోద్ది. అందాకా చెయ్యి పెట్టబాక," అన్నాడు మస్తాన్‌వలి.

గుడ్డ కదలకుండా ముందు వదులుగా వేసి, అసలు కుట్టు పడ్డాక లాగేసేదే కచ్చా కుట్టు. ఆ మాట దర్జీకి వెంటనే అర్థమైంది. ఎన్నాళ్లు పడుతుందని మాత్రం మూడుసార్లు అడిగింది. నెలకో ఆకు వేస్తే గొప్పేనని అతను నవ్వాడు.

సుభాషిణి మొక్కను చక్కగా కట్టింది. వారం తిరక్కుండానే విప్పి చూసింది. వేళ్లు రాలేదు. ఇంకో రాయికి కట్టింది. పదిరోజులకు మళ్లీ విప్పింది. వెంట్రుకంత వేరు ఒకటి అప్పుడే రాయికి అంటుకుని ఉంది, లాగేసరికి తెగిపోయింది. రాయి నచ్చలేదేమోనని చెక్కకు కట్టింది. చెక్క మీదా కుదరలేదని దీపం కిందికి జరిపింది. ఇలా అయిదు చోట్లు మారేసరికి ఆకులు పసుపుబారి ఒక్కొక్కటే కుళ్లి ఊడిపోయాయి. ఉత్త దండగ మొక్క అని విసుక్కుని, మిగిలిన కాడను గుడ్డపీలికల బుట్టలో పడేసింది. మల్లిక అది చూసింది.

అంతలో శ్రావణమాసం వచ్చింది. పెళ్లిళ్లు, వ్రతాలు, వాటి వెనకే దసరా. కొట్టు నిండా జాకెట్ల గుట్టలే. సుభాషిణికి ఊపిరి సలపలేదు. ట్యూషను మార్చడానికి తీరిక దొరకలేదు. పిల్లను పక్కన కూర్చోబెట్టి చదివించి చూడటానికీ దొరకలేదు. చదువు రాలేదని తనకు తనే తేల్చేసుకుని, హాస్టల్లో మాట్లాడి, ట్రంకుపెట్టె సర్దేసింది. మర్నాడు విజయదశమి. ఆ పైరోజు ప్రయాణం.

ఆ రోజు ఆయుధపూజ. మిషన్లు తుడిచి బొట్లు పెట్టి, కిటికీ దగ్గరి అర దులుపుతుంటే దారాల డబ్బాల వెనక ఒక పచ్చడి సీసా కనిపించింది. నీళ్లు తేటగా ఉన్నాయి. లోపల ఒక రాయి, రాయి మీద ఎర్రదారంతో కట్టిన కాడ, తాను బుట్టలో పడేసిందే, దానికి మూడు లేత ఆకులు. సీసాకు ఒక కాగితం అంటించి ఉంది.

సుభాషిణి చెయ్యి అలవాటుగా సీసాలోకి, దారం మీదికి పోయింది.

"విప్పొద్దమ్మా," అంది గుమ్మంలోంచి మల్లిక. ఎప్పుడూ ఎదురు చెప్పని పిల్ల.

అప్పటికే చెయ్యి తగిలింది. చివికిన దారం ముక్కలై వేళ్లకు వచ్చేసింది. కానీ మొక్క కదల్లేదు. తెల్లటి వేళ్లు రాయిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"ఎన్నిసార్లు విప్పి చూశావే?"

"ఒక్కసారి కూడా చూళ్లేదమ్మా. నీళ్లు మార్చానంతే."

అప్పుడు సుభాషిణి కాగితం చదివింది. పెన్సిలుతో రాసిన వంకర అక్షరాలు: 'ముట్టుకోవద్దు. కొత్త ఆకు వస్తోంది.'

"ఇదెవరు రాశారు?"

"నేనే. కామాక్షి టీచరు వత్తులన్నీ చెప్పేశారుగా," అంది మల్లిక.

సుభాషిణి మళ్లీ చదివింది. నాలుగు వత్తులు. ఒక్కటీ తప్పు పోలేదు. తాను తీరిక లేక మార్చకుండా వదిలేసిన ట్యూషనులోనే పిల్లకు చదువు కుదురుకుందని అప్పుడు తెలిసింది. ఆమెకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. కూతుర్ని దగ్గరికి తీసుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మిషన్లకు పెట్టినట్టే ఆ పచ్చడి సీసాకూ ఒక బొట్టు పెట్టింది. ఇంటికి వెళ్లి ట్రంకుపెట్టెలోని బట్టలు మళ్లీ బీరువాలో సర్దింది. గుంటూరు ప్రయాణం ఊసు మరి ఎత్తలేదు. పండగ వెళ్లాక ఆ రాయిని మల్లికే తొట్టి మధ్యలో దించింది. కాగితం తొట్టి అద్దం మీదికి ఎక్కింది. మల్లిక ఇప్పటికీ వేలు పెట్టే చదువుతుంది, కానీ పాఠం చివరిదాకా చదువుతుంది. ఆ పక్కనే కూర్చుని వినేటప్పుడు సుభాషిణి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంటుంది.

నిదానంగా ఎదిగేవాటిని మాటిమాటికీ పెకలించి చూడకూడదు. ఒకచోట కుదురుగా ఉండనిస్తే అవే వేళ్లూనుకుంటాయి.